అప్‌డేట్: 1950ల అమెరికా టీ రూమ్ మోడల్ పని గురించి తేలినవి

పోయిన నెల అడిగిన ప్రశ్న ఇదీ: న్యూయార్క్ పత్రికల్లో కనిపించని, ఊళ్లో డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి పనిచేసే మోడల్ రోజంతా ఏం చేసేది? జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. తేలినవి రాస్తున్నా.

టీ రూమ్ అంటే స్టోర్ లోపలి భోజనశాల. అసలు పని ర్యాంప్ మీద కాదు, అక్కడి భోజనాల బల్లల మధ్య. డాలస్‌లో నీమన్ మార్కస్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ వాళ్ల జోడియాక్ రూమ్ లాంటి చోట్ల, మోడల్ స్టోర్ బట్టలు వేసుకుని మధ్యాహ్నం తినేవాళ్ల దగ్గర ఆగి, మెల్లగా ఒక చుట్టు తిరిగి, అడిగితే ధర, ఏ అంతస్తులో దొరుకుతుందో చెప్పి కదిలేది. కోటు విప్పడం కూడా ఒక విద్యే. ముందు గుండీలు, తర్వాత భుజాల మీంచి జార్చి, లోపలి లైనింగ్ కనబడేలా చేతి మీద వేసుకోవాలి.

చిక్కంతా బట్టలు మార్చేచోట. అవి అమ్మకానికి మళ్లీ హ్యాంగర్ ఎక్కాల్సిన బట్టలు. అందుకే తల మీంచి వేసుకునేముందు ముఖానికి పల్చటి స్కార్ఫు కప్పుకునేవాళ్లు, లేకపోతే లిప్‌స్టిక్ మెడపట్టీకి అంటుతుంది. చంకల్లో డ్రెస్ షీల్డులు అనే గుడ్డ ప్యాడ్‌లు, చెమట మరక పడకుండా. నడుము వదులైతే వెనక పిన్నులు. అప్పుడు వీపు తిప్పకుండా నడవాలి, అదీ తంటా!

సంచిలో సొంతవి: నల్ల, తెల్ల హీల్స్, గ్లోవ్స్, గర్డిల్ (నడుము, పొట్ట బిగించే లోదుస్తు), స్ట్రాప్‌లెస్ బ్రా, రెండు పొడవుల్లో లోపలి స్లిప్పులు, ముత్యాల దండ.

డబ్బు సంగతి: చేసిన పనికి చెల్లింపు ఆలస్యమవడం పెద్ద బాధ. 1946లో మొదలైన న్యూయార్క్ మోడలింగ్ సంస్థ ఫోర్డ్ ఏజెన్సీ, వోచర్ పద్ధతితో, అంటే పని చేసినట్టు చీటీ చూపిస్తే, క్లయింటు డబ్బు ఇవ్వకముందే తానే మోడల్‌కి చెల్లించేది. ఊళ్లో మోడళ్లకు ఆ భాగ్యం ఎక్కడిది?