రోజూ షట్‌డౌన్ చేస్తుంటే మళ్లీ రీస్టార్ట్ దేనికి?

చిలక్కొయ్య: రోజూ పనయ్యాక షట్‌డౌన్, పొద్దున ఆన్. అయినా నెల తిరిగేసరికి విండోస్ 10 ల్యాప్‌టాప్ నత్తనడక పడుతుంది. రీస్టార్ట్ కొడితే మళ్లీ మామూలే. షట్‌డౌన్‌తో పోనిది రీస్టార్ట్‌తో ఎలా పోతుంది? రెండూ ఒకటే కదా?

కెర్నల్_కిట్టు: కాదండీ. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే ప్రోగ్రాములు మూతపడతాయి, మీరు లాగవుట్ అవుతారు. కెర్నల్ (విండోస్ గుండెకాయ), డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ని నడిపించే ప్రోగ్రాములు) మాత్రం ఉన్నవి ఉన్నట్టు డిస్కు మీద హైబర్నేషన్ ఫైల్లోకి వెళ్లిపోతాయి, పొద్దున అందులోంచే లేస్తాయి. రీస్టార్ట్‌లో అన్నీ మొదటినుంచి. నమ్మకం కుదరకపోతే టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో సీపీయూ, కింద అప్‌టైమ్, అంటే కెర్నల్ మొదలై ఎంతసేపైందో, చూడండి. 23:04:11:52 అని ఉంటే మొదటి అంకె రోజులు. రాత్రి ఆపిన మెషీనే!

రీసెట్_రాజు: అందుకే వారానికోసారి రీస్టార్ట్ కొట్టమనేది. చర్చ అయిపోయింది.

మూలం_వెతుకు: ఎక్కడయిపోయింది రాజు గారూ? నెలకోసారి ఎందుకు నెమ్మదిస్తోందో ఒక్కరూ అడగరే. ప్రోగ్రాము మెమరీ లీక్ చేస్తే, అంటే తీసుకున్న మెమరీ తిరిగివ్వకపోతే, దాన్ని మూస్తే చాలు, ఆ మెమరీని విండోస్ వెనక్కి లాక్కుంటుంది. డ్రైవర్ లీక్ చేస్తే మూయడానికేమీ ఉండదు, అది కెర్నల్లోనే పేరుకుంటుంది. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో నాన్-పేజ్డ్ పూల్ (కెర్నల్, డ్రైవర్లు వాడుకునే, డిస్కుకి తరలించలేని మెమరీ) అంకె చూడండి. మామూలుగా వందల ఎంబీల్లో ఉంటుంది. రోజురోజుకీ పెరిగి జీబీలకెక్కుతుంటే ఆ దొంగ ఏదో ఒక డ్రైవరే అయ్యుండొచ్చు. పూల్‌మాన్ అనే మైక్రోసాఫ్ట్ టూల్‌లో 'బి' నొక్కితే ఎక్కువ మింగిన ట్యాగ్ (ఆ మెమరీ ఎవరు తీసుకున్నారో చెప్పే గుర్తు) పైకొస్తుంది.

రీసెట్_రాజు: పూల్‌మాన్ కావాలంటే డ్రైవర్ కిట్ దింపుకోవాలి. రెండు నిమిషాల పనికి అంత తతంగమా? పైగా అప్‌డేట్ల సంగతేంటి? వాడుకలో ఉన్న సిస్టమ్ ఫైల్ని విండోస్ అప్పటికప్పుడు మార్చలేదు. మార్చాల్సిన జాబితా రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల ఖాతాలో) రాసుకుని బూట్ అయ్యేటప్పుడు మారుస్తుంది. అంతదాకా పాత ఫైలు, అందులోని పాత భద్రతా కన్నం అలాగే ఉంటాయి.

పెంగ్విన్_పిచ్చి: మాది లైనక్స్. అప్‌టైమ్ 400 రోజులు 😎

కెర్నల్_కిట్టు: అంటే లైవ్‌ప్యాచ్ (మెషీన్ ఆపకుండానే కెర్నల్‌కి మరమ్మతు చేసే పద్ధతి) లేకపోతే మీ కొత్త కెర్నళ్లన్నీ 400 రోజులుగా డిస్కులో పడుకుని ఉన్నాయన్నమాట.

మూలం_వెతుకు: అప్‌డేట్‌కి రీస్టార్ట్ వద్దని ఎవరన్నారు? వారం లెక్క ఎక్కడిదో చెప్పండి చాలు.

రీసెట్_రాజు: విండోస్ 95 అయితే 49.7 రోజులకి బిగుసుకుపోయేది. మెషీన్‌కి ఓ గడువు ఉంటుందనడానికి అదే సాక్ష్యం.

మూలం_వెతుకు: అది కౌంటర్ బగ్. మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కౌంటరు 4,29,49,67,296 దగ్గర సున్నాకొస్తుంది, దాన్ని రోజుల్లోకి మారిస్తే 49.7. దానికి ప్యాచ్ కూడా ఇచ్చారు. 49 రోజుల బగ్ చూపించి 7 రోజుల నియమం పెడతారా?

రీసెట్_రాజు: 7 కాకపోతే 10. ఇప్పుడదా సమస్య?

మౌస్_మల్లిక: మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. వైఫై అడాప్టరే మాయమైంది. రీస్టార్ట్ చేసినా రాలేదు.

కెర్నల్_కిట్టు: రీస్టార్ట్‌లో బోర్డుకి కరెంటు ఆగదు మల్లిక గారూ. వైఫై కార్డులోని ఫర్మ్‌వేర్ (దానిలోనే ఉండే చిన్న ప్రోగ్రాము) ఇరుక్కుంటే అలాగే ఉండిపోవచ్చు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, అప్పుడు పూర్తిగా ఆగుతుంది. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టండి. మళ్లీ అన్నీ పెట్టి ఆన్ చేయండి. ఆన్‌లో ఉండగా మాత్రం ఆ బటన్ అలా పట్టుకోకండి, రాస్తున్న ఫైళ్లు పాడవ్వొచ్చు.

మౌస్_మల్లిక: వచ్చేసింది! 🙏

రీసెట్_రాజు: చూశారా? ఏ పూల్‌మానూ లేకుండానే వచ్చింది.

మూలం_వెతుకు: వచ్చే వారం మళ్లీ పోతుంది, మళ్లీ బటన్ పట్టుకుంటారు. ప్రతి సపోర్టు డెస్కులోనూ ఇదే తంతు. రీస్టార్ట్ చేయి, ఫిర్యాదు టికెట్ మూసేయి. అదే టికెట్ నాలుగోసారి తెరిచినా కొత్తదే అంటారు.

రీసెట్_రాజు: మరేం చేయమంటారు? అవతల మనిషి పని ఆపుకుని కూర్చుంటే ట్యాగులు చదువుతూ కూర్చోవాలా? మీకు మెషీన్ ఒక పజిల్. మాకు దాని ముందు కూర్చున్న మనిషి ముఖ్యం.

మూలం_వెతుకు: ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. నేను రీస్టార్ట్ వద్దనట్లేదు. దానికి ముందు రెండు నిమిషాలు అడుగుతున్నాను. అప్‌టైమ్, నాన్-పేజ్డ్ పూల్, మెమరీ ఎక్కువ తింటున్న ప్రాసెస్, మూడూ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. రీస్టార్ట్ కొట్టాక ఆధారం మిగలదు.

రీసెట్_రాజు: విండోస్ చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ ఉందిగా.

మూలం_వెతుకు: ఉంది. కెర్నల్-పవర్ 41 అని రాస్తుంది. మెషీన్ సరిగ్గా మూతపడకుండా ఆగిందని దానర్థం. ఎందుకాగిందో అందులో చాలాసార్లు ఉండదు. నెమ్మదిస్తే అదీ రాయదు.

రీసెట్_రాజు: స్క్రీన్‌షాట్ వరకు ఒప్పుకుంటా. స్క్రీనే బిగుసుకుపోతే?

కెర్నల్_కిట్టు: ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది, ప్రోగ్రాములు పోవు. టాస్క్‌బార్ ఒక్కటే చచ్చిపోతే టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌కి రీస్టార్ట్ నొక్కితే సరి. ఈ రెండిటికీ మెషీన్ మొత్తం ఆపేవాళ్లే ఎక్కువ.

చిలక్కొయ్య: నాది 31 రోజులు చూపించింది! షిఫ్ట్ పట్టుకుని ఆపి, లేపాను. ఇప్పుడు నాన్-పేజ్డ్ పూల్ 310 ఎంబీ. మంచిదేనా?

మూలం_వెతుకు: ఆపకముందు ఎంత ఉందో చూశారా?

చిలక్కొయ్య: లేదు...

మూలం_వెతుకు: సరే. వారం పాటు రీస్టార్ట్ చేయకుండా రోజూ ఒకే వేళకి ఆ అంకె ఇక్కడ రాయండి.

రీసెట్_రాజు: మూడో రోజుకి అప్‌డేట్ వచ్చి అదే రీస్టార్ట్ అవుతుంది, చూస్తూండండి.