పైన చెక్క డెక్, కింద జీడిపిక్కల బస్తాలు: వాన నీరు ఆపేదెలా?

ఉద్దానం కుర్రాడు:
మాది సోంపేట దగ్గర. పెరట్లో ఇంటి గోడకు ఆనించి చెక్క డెక్ వేయించాం, పొడవు 14 అడుగులు, గోడ నుంచి బయటికి 10 అడుగులు. మద్ది దూలాలు, పైన టేకు పలకలు. దూలాల కింద 9 అడుగుల ఎత్తు ఉంది, అంత చోటు వృథాగా ఎందుకని స్కూటీ, పాత సామాన్లు, సీజన్‌లో జీడిపిక్కల బస్తాలు అన్నీ అక్కడే పెడుతున్నాం. వానొస్తే మాత్రం పైన ఎంతో కిందా అంతే. కార్పెంటర్ పలకల సందులన్నీ సిలికాన్‌తో నింపి, పైన వాటర్‌ప్రూఫ్ పాలిష్ కొట్టి, ఇక చుక్క దిగదన్నాడు. ఎండలు ముదిరేసరికి ఆ సిలికాన్ ఒక పక్క చెక్కని వదిలేసి దారంలా ఊడొచ్చింది, తొలకరికే మళ్లీ కథ మొదలు. 80 కేజీల బస్తా అడుగున తడిసి పిక్క నల్లబడితే కొనేవాడు రేటు ఎలా కోస్తాడో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఒకాయన తారు షీటు మంటతో కాల్చి అంటించేస్తానంటున్నాడు. నాన్నగారేమో అంతా పీకేసి స్లాబ్ వేసేయమంటున్నారు. డెక్ ఉంచుకునే దారి ఏమైనా ఉందా?

కాశీబుగ్గ వడ్రంగి:
తమ్ముడూ, ముందు ఆ మంట ఆయన్ని పంపించెయ్. అది కాంక్రీటు మీద చేసే పని. ఎండిన చెక్క సందుల్లోకి గ్యాస్ మంట పెడితే దూలం లోపల ఎక్కడో నిప్పు మిగిలిపోయి, అందరూ పడుకున్నాక రాజుకుంటుంది.

సిలికాన్ సంగతికొస్తే, అది ఎవరు నింపినా నిలబడదు. వానాకాలంలో పలక అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది, టేకైనా అంతే. పలకల మధ్య 5, 6 మిల్లీమీటర్ల సందు ఉండాల్సిందే, నీళ్లు దిగిపోయి చెక్క ఆరాలంటే అదే దారి. దాన్ని మూసేస్తే నీరు దూలం నెత్తిన నిలిచి, మేకు కన్నాల్లోంచి లోపలికి దిగి, పైకి ఏమీ కనపడకుండానే కుళ్లబెడుతుంది. మిగిలిన సిలికాన్ కూడా గీకి పారెయ్. నీటిని పైన ఆపాలని చూడకు, దిగనిచ్చి కింద పట్టుకో.

విజయనగరం సివిల్:
వడ్రంగి గారి మాటే నాదీ. కాకపోతే రేకుల కొట్టుకి వెళ్లేముందు ఒక పరీక్ష చెయ్యండి. వాన లేని రోజు చూసి, గోడని తడపకుండా, డెక్ బయటి అంచు నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా గోడ వైపు పైపుతో నీళ్లు వదలండి, ఒకరు కింద నిలబడి చూడాలి. చివర్లో గోడా డెక్కూ కలిసే చోట మాత్రమే వదలండి. డెక్ కింద గోడ తడుస్తోందంటే, గోడకి బోల్టులతో బిగించిన దూలం వెనక నుంచి నీరు దిగుతున్నట్టే. అది వదిలేసి కింద ఎన్ని రేకులు వేసినా ఆ నీరు రేకు వెనకనుంచి నేరుగా బస్తాల మీదికే వస్తుంది.

ఉద్దానం కుర్రాడు:
చేశాను సార్. పలకల సందుల్లోంచి కారేది ఎలాగూ కారింది. గోడ దగ్గర వదిలితే మాత్రం కాసేపు ఏమీ లేదు, తర్వాత బోల్టుల చుట్టూ ప్లాస్టరింగ్ మీద నల్లటి చారలు మొదలై, వాటి వెంటే నీరు కిందికి జారింది. బస్తాలు సరిగ్గా ఆ గోడకే ఆనించి పెడతాం.

విజయనగరం సివిల్:
అయితే గోడ పని ముందు. గోడ వైపు పలకలు రెండు తీయించండి. దూలానికి 6 అంగుళాల పైన ప్లాస్టరింగ్‌లో పొడవునా గాడి కోసి, వంచిన స్టెయిన్‌లెస్ రేకు పై అంచుని అందులో దూర్చి, పాలీయూరిథేన్ సీలెంట్‌తో మూయించండి. రేకు కింది అంచు దూలం ముందు వైపుకి వంగి దిగాలి, నీరు ఇక వెనక్కి పోదు. పలకలు ఎత్తినప్పుడే దూలాల నెత్తిన బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు టేపు) అంటించేస్తే మేకు కన్నాలకి కూడా రక్షణ.

తర్వాత కింద కలర్ రేకులు. దూలాలకి అడ్డంగా చెక్క పట్టీలు కొట్టి, బయటికి వెళ్లేకొద్దీ దించుతూ రండి. అడుగుకి ఒక అంగుళం వాలు పెట్టుకుంటే మీ 10 అడుగులకి 10 అంగుళాలు దిగుతుంది, బయటి అంచున ఇంకా 8 అడుగుల పైనే ఎత్తు మిగులుతుంది కాబట్టి తల తగలదు. అంచున గటర్, దానికి 4 అంగుళాల పైపు. చిన్న పైపు పెట్టకండి: ఈ 140 చదరపు అడుగుల మీద ఒక్క రాత్రి 10 సెంటీమీటర్ల వాన పడితే 1300 లీటర్లు దిగుతాయి, మన తుపాన్లకి అదేం పెద్ద లెక్క కాదు.

పెరటి మొక్క:
నాన్నగారి మాట విని స్లాబ్ వేసేస్తే ఈ తలనొప్పులు ఉండవు కదా 🙂

కాశీబుగ్గ వడ్రంగి:
స్లాబ్ కారదని ఎవరన్నారు బాబూ!

బారువ తీరం:
రెండు మాటలు. సోంపేట అంటే ఉప్పు గాలి తప్పదు, మామూలు జీఐ (జింక్ పూత ఇనుము) స్క్రూలు తొందరగా తుప్పు పట్టి టేకు మీద నల్ల మరకలు వేస్తాయి. 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ అడగండి, మన దగ్గర దొరక్కపోతే వైజాగ్ నుంచి తెప్పించుకోండి, 304 కంటే ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. రెండోది గాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రేకులు ఎలా లేచిపోయాయో మీరూ చూసే ఉంటారు. మీది మూడు వైపులా తెరిచి ఉంది కాబట్టి గాలి కిందనుంచి రేకుని పైకి తంతుంది, అంచుల్లో ప్రతి గట్టుకీ వాషర్‌తో స్క్రూ పడాలి.

ఉద్దానం కుర్రాడు:
ఆకులు, ఇసుక సందుల్లోంచి పడి రేకు మీద పేరుకోవా? మా పెరడంతా జీడి చెట్లే.

కాశీబుగ్గ వడ్రంగి:
పేరుకుంటాయి. అందుకే గోడ వైపు ఒక పలక చేత్తో తిప్పి తీసేలా బోల్టులతో పెట్టించు, వానలకి ముందోసారి, మధ్యలో ఒకసారి పైపుతో కడిగేస్తే చెత్త గటర్‌లోకి వచ్చేస్తుంది. గటర్ నోటికి జాలీ పెట్టు. రేకు పక్కలు మాత్రం మూయకు, గాలి ఆడకపోతే రేకు అడుగున చెమట పట్టి అదే చుక్కలుగా రాలుతుంది. పిక్కల బస్తాలు ఎలాగైనా చెక్క పలకల మీదే పెట్టు, గోడకి అడుగు దూరం వదిలి.