ట్యాంకుల్లో ఇంకు ఉన్నా తెల్ల కాగితాలే వస్తున్నాయి: లోపం ఎక్కడ ఉండవచ్చు?

ప్రశ్న (అనంతపురం నుంచి)

నమస్కారం. మా ఇంట్లో ఇంకు ట్యాంకులున్న ఇంక్‌జెట్ ప్రింటర్ మూడేళ్లుగా ఉంది. నేను ఉపాధ్యాయినిని, పిల్లలకిచ్చే అభ్యాస పత్రాలు, ప్రశ్నపత్రాలు అన్నీ దానిలోనే ప్రింటు తీస్తాను. వేసవి సెలవులకు ఊరికి వెళ్లి ఏడు వారాల తరువాత తిరిగి వచ్చి ప్రింటు ఇస్తే, కాగితం మామూలుగానే లోపలికి వెళ్లింది, కాగితం మీద ఇంకు చిమ్మే హెడ్ అటూ ఇటూ కదిలిన చప్పుడూ వినిపించింది, కానీ ఒక్క అక్షరమైనా లేని తెల్ల కాగితం బయటికి వచ్చింది. నాలుగు ట్యాంకుల్లోనూ ఇంకు సగానికి పైగానే కనిపిస్తోంది. కంప్యూటరు ఏ లోపమూ చూపడం లేదు.

హెడ్ క్లీనింగ్ వరుసగా ఐదుసార్లు చేశాను. నల్ల ట్యాంకులో మట్టం కంటికి తెలిసేంత తగ్గిందే తప్ప ప్రయోజనం లేకపోయింది. హెడ్ పోయిందని, అది మార్చే ఖర్చుకు ఇంకొంత కలిపితే కొత్త ప్రింటరే వస్తుందని ఇక్కడి దుకాణం వారు అన్నారు. వారు కనీసం మూత తెరిచి కూడా చూడకుండా చెప్పారు కనుక నాకు నమ్మకం కుదరలేదు. బడి తెరిచే రోజు దగ్గరపడింది. ఇంట్లో చేయగలిగినది ఇంకేమైనా ఉందా?

మొదటి జవాబు

అమ్మా, ముందుగా హెడ్ క్లీనింగ్ ఆపండి. క్లీనింగ్ అంటే ఇంకును హెడ్ గుండా బలంగా పీల్చి, ప్రింటర్ అడుగున ఉండే స్పాంజి వంటి ప్యాడ్‌లోకి వదిలేయడమే. లోపం ఎక్కడుందో తెలియకుండా చేస్తే ఇంకు పోవడమే మిగులుతుంది.

తెల్ల కాగితం రావడానికి కంప్యూటరు కారణమా, ప్రింటర్ కారణమా అనేది తేల్చడం మొదటి పని. కంప్యూటరు తీగను పూర్తిగా తీసేసి, ప్రింటర్ మీదున్న బటన్లతోనే నాజిల్ చెక్ (హెడ్‌లో ఇంకు వచ్చే సన్నని రంధ్రాలైన నాజిళ్లను పరీక్షించే నమూనా) ప్రింటు తీయండి; ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో మీ మోడల్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో ఉంటుంది. ఆ గళ్ల నమూనా నాలుగు రంగుల్లోనూ నిండుగా వస్తే ప్రింటర్ తప్పేమీ లేదు, డ్రైవర్‌నో (కంప్యూటరులో ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఫైలునో అనుమానించాలి. కొన్ని పీడీఎఫ్‌లు మామూలుగా ఇస్తే తెల్లగా వచ్చి, అడోబీ రీడర్ ప్రింటు పెట్టెలోని అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కి ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ ఎంచుకుంటే సరిగా రావడం నేను చూశాను.

స్కానర్ అద్దం మీద కాగితం పెట్టి జెరాక్సు తీసి కూడా పరీక్షించవచ్చు, కాకపోతే అచ్చు ఉన్న వైపు కిందికి ఉండాలి. నేను ఒకసారి అచ్చును పైకి పెట్టి, తెల్ల కాగితాలు చూసుకుంటూ అరగంటసేపు ప్రింటర్‌ను తిట్టుకున్నాను.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే తీగ తీసి నాజిల్ చెక్ చేశాను. ఎరుపు, పసుపు గళ్లు నిండుగా వచ్చాయి, నీలంలో రెండు చోట్ల గీత తెగింది, నల్ల గళ్లు అసలు లేవు. అయితే ఒక విషయం నాకు అర్థం కావడం లేదు. పరీక్ష కోసమని ఫోటో కాగితం మీద మా అమ్మాయి ఫోటో ప్రింటు తీస్తే జుట్టు నల్లగానే వచ్చింది. నల్ల ఇంకు రాకపోతే ఆ నలుపు ఎక్కడిది?

రెండవ జవాబు (ప్రింటర్ల మరమ్మతు చేసేవారు, హైదరాబాదు)

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. చాలా ట్యాంకు ప్రింటర్లలో నల్ల ఇంకు పిగ్మెంట్ రకం, మిగిలిన మూడూ డై రకం. పిగ్మెంట్ అంటే ద్రవంలో కరగకుండా తేలియాడే అతి సన్నని రంగు రేణువులు, డై అంటే ద్రవంలో పూర్తిగా కరిగిన రంగు. మామూలు కాగితం మీద అక్షరం స్ఫుటంగా, తడి తగిలినా చెరగకుండా ఉండడానికి పిగ్మెంట్‌ను వాడతారు. ఫోటో కాగితం అని ఎంచుకున్నప్పుడు అటువంటి ప్రింటర్ ఆ నలుపును పక్కన పెట్టి, మూడు రంగులను కలిపి నలుపు తయారు చేస్తుంది. మీ అమ్మాయి జుట్టు అలా వచ్చినదే. కనుక బడి పని ఆగకుండా, బాగయ్యేవరకు మామూలు కాగితమే పెట్టి, సెట్టింగుల్లో మాత్రం కాగితం రకాన్ని ఫోటో అని ఇచ్చి ప్రింటు తీసుకోండి. రంగుల ఇంకు ఎక్కువ ఖర్చవుతుంది, అక్షరాలు కొంచెం అలుక్కుంటాయి, అయినా చదవడానికి వీలుగానే ఉంటుంది.

హెడ్ పోయిందని ఇప్పుడే అనుకోవద్దు. మూడు రంగులు వస్తూ ఒక్క నలుపే రావడం లేదంటే అది చాలావరకు ఎండి పూడుకుపోయిన నాజిళ్ల లక్షణం. నాలుగు రంగులూ ఒకేసారి హఠాత్తుగా ఆగిపోతే, ముఖ్యంగా ఎవరైనా హెడ్‌ను తడిపి కడిగిన తరువాత ఆగిపోతే, అప్పుడు నేను హెడ్‌కు వెళ్లే పట్టీ తీగనూ బోర్డు మీది ఫ్యూజునూ చూస్తాను. మీ సమస్య అది కాదు. అయితే ఒక్క మాట చెప్పండి, ఊరికి వెళ్లేటప్పుడు ప్రింటర్‌ను ఎలా ఆపారు?

ప్రశ్న అడిగినవారు

ఊరికి వెళ్లేముందు ఇంట్లోని స్విచ్చులన్నీ కట్టేయడం మా అలవాటు. ప్రింటర్ మీది బటన్ నొక్కిన గుర్తు లేదు, గోడ స్విచ్చే కట్టేసి ఉంటాను.

రెండవ జవాబు ఇచ్చినవారు

నేను అనుకున్నదే జరిగింది. ప్రింటర్ బటన్ నొక్కి ఆపినప్పుడు హెడ్ కుడిచివర తన చోటికి చేరుతుంది, అక్కడ రబ్బరు అంచున్న చిన్న క్యాప్ పైకి లేచి నాజిళ్లను గాలి తగలకుండా మూస్తుంది. హెడ్ అక్కడికి చేరకముందే గోడ స్విచ్చి కట్టేసినా, కరెంటు పోయినా హెడ్ ఎక్కడ ఉంటే అక్కడే మూత లేకుండా నిలబడిపోతుంది. అనంతపురం ఎండల్లో, ఆ పొడి గాలిలో ఏడు వారాలు అలా ఉంటే నల్ల ఇంకు గట్టిపడకుండా ఎలా ఉంటుంది? నా దగ్గరికి ఎండాకాలం తరువాత వచ్చే తెల్ల కాగితాల ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ స్విచ్చే.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. ఇంతవరకు వద్దన్న పని ఈ ఒక్కసారికి మీరే చేయాలి: ప్రింటు ఇచ్చి, హెడ్ మధ్యకు రాగానే ప్లగ్గు తీసేయండి. అప్పుడు హెడ్‌ను చేత్తో మెల్లగా ఎడమకు జరిపితే కుడివైపు క్యాప్, దానిలో స్పాంజి కనిపిస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ నాలుగైదు చుక్కలు ఆ స్పాంజి మీద వేయండి. బోరు నీళ్లు వేయవద్దు, అందులోని ఉప్పు కొత్త అడ్డంకి అవుతుంది. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ వంటివి ప్లాస్టిక్‌ను, రబ్బరును తింటాయి. తరువాత హెడ్‌ను తిరిగి క్యాప్ మీదికి జరిపి, కనీసం 12 గంటలు అలాగే వదలండి. తడికి ఎండిన ఇంకు మెత్తబడుతుంది, గొట్టాల్లో చేరిన గాలి బుడగలూ సర్దుకుంటాయి. ఆ తరువాత ఒక్క క్లీనింగ్, ఒక్క నాజిల్ చెక్. కొంచెమైనా మెరుగు కనిపిస్తే మళ్లీ 12 గంటలు ఆగి ఇంకొకసారి. క్లీనింగ్ చేశాక కూడా క్యాప్‌లోని నీరు అలాగే నిలిచి ఉంటే మాత్రం లోపం హెడ్‌లో కాదు, పీల్చే పంపులో.

మూడవ జవాబు

నాది కార్ట్రిడ్జి ప్రింటర్. ఇదే ఇబ్బంది వస్తే కార్ట్రిడ్జి తీసి, అడుగున ఉన్న రాగి రంగు పట్టీని గోరువెచ్చని నీటితో తడిపిన నూలు గుడ్డ మీద ఒక నిమిషం అద్దాను, పనిచేసింది. ఆవిడ కూడా హెడ్‌ను విప్పి అలా చేయవచ్చు కదా?

రెండవ జవాబు ఇచ్చినవారు

మీ కార్ట్రిడ్జిలోనే హెడ్ ఉంటుంది. అందులో అతి చిన్న హీటర్లు ఇంకును క్షణంలో మరిగించి, ఆ బుడగ ఒత్తిడితో చుక్కను బయటికి నెడతాయి. పాడైనా కార్ట్రిడ్జి మారిస్తే కొత్త హెడ్ వచ్చినట్టే. చాలా ట్యాంకు ప్రింటర్లలో హెడ్ ప్రింటర్‌కే బిగించి ఉంటుంది, కొన్నింటిలో వేడికి బదులు విద్యుత్తు తగిలితే వంగే పైజో పలకలు ఇంకును నెడతాయి. దాన్ని విప్పేటప్పుడు పట్టీ తీగకు తడి తగిలి, అది ఆరకముందే ప్లగ్గు పెడితే బోర్డు కాలవచ్చు. సిరంజితో నీళ్లు బలంగా ఎక్కించినా లోపలి పొరలు చెడిపోతాయి. వారికి ఆ సలహా వద్దు.

ప్రశ్న అడిగినవారు (మూడు రోజుల తరువాత)

మొదటి రాత్రి గడిచాక క్లీనింగ్ చేస్తే క్యాప్‌లోని నీరు పోయింది, నల్ల గళ్లు దాదాపు సగం వచ్చాయి. మళ్లీ చుక్కలు వేసి మరునాడు చూస్తే మూలన రెండు గీతలు తప్ప అన్నీ వచ్చాయి. నీలం కూడా కుదిరింది. నలభై ప్రశ్నపత్రాలు మామూలు కాగితం సెట్టింగులోనే తీశాను, ఎక్కడా అక్షరం తెగలేదు. ఆ రెండు గీతల కోసం మళ్లీ క్లీనింగ్ చేయాలా?

రెండవ జవాబు ఇచ్చినవారు

అవసరం లేదు. రోజూ నాలుగైదు పేజీలు తీస్తూ ఉండండి, అవి వాటంతట అవే తెరుచుకునే అవకాశం ఉంది. మీరు చేసిన క్లీనింగ్‌ల ఇంకంతా అడుగు ప్యాడ్‌లోకే చేరింది కనుక, ఎప్పుడైనా ప్యాడ్ నిండిందన్న హెచ్చరిక వస్తే ప్రింటర్ పోయిందనుకోవద్దు. ప్యాడ్ మార్పించి, అందులో చేరిన ఇంకుకు ప్రింటర్ వేసుకునే లెక్కను సున్నా చేయిస్తే సరిపోతుంది.