"నీవే తప్ప...": ఇతరమా, ఇతఃపరమా?

రాత్రిబండి:
నిన్న రాత్రి దీపాలార్పి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పదహారో శతాబ్దపు ఇంగ్లీషు స్వరకర్త థామస్ టాలిస్ నలభై గొంతుల మోటెట్ (లాటిన్ చర్చి బృందగానం) విన్నాను. టాలిస్ స్కాలర్స్ అనే గాయక బృందం వారి 1985 రికార్డింగు. ఎనిమిది బృందాలు, బృందానికి అయిదు గొంతులు. ఒక్కొక్క గొంతూ వచ్చి చేరుతుంటే చెరువులో నీరు పెరుగుతున్నట్టుంది. "స్పెమ్ ఇన్ అలియుమ్ నుంక్వామ్ హబుయి ప్రేతెర్ ఇన్ తే": నీయందు తప్ప అన్యునియందు నేనెన్నడూ ఆశ పెట్టుకోలేదు. ఈ అర్థం తెలిసినప్పటి నుంచి పోతన గజేంద్రుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు. "నీవే తప్ప ని... బెఱుఁగ". మధ్యలో ఏముంది? మా అమ్మ "నితరం బెరుగ" అని చదివేది. భాగవతం ఊళ్లో ఉండిపోయింది.

శార్దూలం:
ఇతఃపరం. దీనికి చర్చ అక్కర్లేదు. పద్యం శార్దూలం, నా పేరు చూశారు కదా, ఈ వృత్తం నా సొంత పొలం. గణాలు మసజసతతగ. రెండో గణం సగణం, అంటే రెండు లఘువులు, ఒక గురువు: ప్ప, ని, తః. విసర్గ ఉంది కాబట్టే "తః" గురువైంది. "నితరం" అంటే అక్కడ లఘువు పడుతుంది, పైగా పందొమ్మిది అక్షరాల్లో ఒకటి తగ్గుతుంది. అమ్మగారికి నా నమస్కారాలు.

సెకండ్ ఆల్టో:
సికిందరాబాద్‌లో మా చర్చి క్వయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది గొంతు, పాడతాను. నాలుగు భాగాలకే మాకు చెమటలు పడతాయి, నలభై మాట దేవుడెరుగు. ఒక హెచ్చరిక: "అలియుమ్"లో "అ" హ్రస్వమైతేనే అన్యుడు. దీర్ఘం చేశారా, వెల్లుల్లి! లకారానికి ద్విత్వం ఇచ్చినా వెల్లుల్లే. "వెల్లుల్లి మీద నాకెన్నడూ ఆశ లేదు" అని నలభై మంది కలిసి పాడినట్టవుతుంది.

శార్దూలం:
పాడేటప్పుడు ఒక్కో అక్షరాన్ని ఎన్ని మాత్రలైనా సాగదీస్తారు కదండీ, ఇక హ్రస్వమేమిటి, దీర్ఘమేమిటి? పోతన పద్యానికి గణం కాపలా ఉంది. పాపం, టాలిస్‌కు ఆ కాపలా లేదు.

సెకండ్ ఆల్టో:
కాపలా లేకపోయినా బాణీ గట్టిది. 1610లో హెన్రీని వేల్స్ యువరాజును చేసిన వేడుకకు లాటిన్ మాటలు తీసేసి ఇంగ్లీషు మాటలు పెట్టి పాడారు. బాణీకి ఏమీ కాలేదు. మీ పద్యంలో ఒక్క మాట మార్చి చూడండి.

తెలుగు మాస్టారు:
ఇతఃపరమే, ఒప్పుకున్నాను. అర్థం సంగతి ఎవరూ అడగరేం? సంస్కృతంలో ఆ మాటకు "ఇకమీదట" అని వాడుక. మనవాళ్లందరూ "వేరొకరిని ఎరుగను" అని చెప్పి దాటేస్తారు. నా వాదన వినండి. కొద్ది పద్యాల ముందే గజేంద్రుడు "కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో" అన్నాడు. అంత సంశయించినవాడు "ఎన్నడూ" అని ఏ మొహం పెట్టుకుని అంటాడు? ఇకమీదట నీవే, అంటున్నాడు. ఆ లాటిన్ భక్తుడు ఎప్పుడూ అనుమానించని బుద్ధిమంతుడు. మన ఏనుగు అనుమానించి వచ్చింది. నాకు ఏనుగే ఇష్టం.

శార్దూలం:
మాస్టారూ, అందంగా ఉంది. వ్యాకరణం ఒప్పుకోదు. ఇతః అంటే "దీనికంటె", పరం అంటే వేరైనది. "ఇతఃపరంబు" అనేదే "ఎఱుఁగ"కు కర్మ. మీరు దాన్ని "ఇకమీదట" చేస్తే ఎరగనిది దేన్ని?

తెలుగు మాస్టారు:
"నీవు తప్ప" అన్న తరువాత "మరొకరిని" అన్నది వినేవాడికి తట్టదా? కాలు మొసలి నోట్లో ఉన్నవాడు కర్త కర్మ క్రియలు సరిచూసుకుని మాట్లాడాలా నాయనా?

అరసున్న:
ఇద్దరూ క్రియను వదిలేశారు. "ఎఱుఁగ" వ్యతిరేక క్రియ. దానికి కాలం లేదు, మూడు కాలాలకూ చెల్లుతుంది. ఎరగలేదు, ఎరగను, ఇక ఎరగబోను. లాటిన్‌లో "నుంక్వామ్" అని విడిగా చెప్పుకోవలసి వచ్చింది, తెలుగులో ఆ పని క్రియే చేసింది. అన్నట్టు మొదటి టపాలో ఒకచోట అరసున్న పెట్టి, అమ్మగారి మాటలో పెట్టలేదు.

రాత్రిబండి:
అమ్మ అరసున్న పలకదండీ. అసలు అడగాలనుకున్నది ఇంకొకటి ఉంది. చివర్లో అన్ని గొంతులూ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఛార్జింగు అయిపోయిందేమోనని ఫోను తెర చూశాను. అంతలో నలభై గొంతులూ కలిసి "రెస్పిచె" అని పడ్డాయి. మా దీనస్థితిని చూడు, అని. "మన్నింపం దగున్ దీనునిన్" కూడా సరిగ్గా ఇక్కడికే వస్తుంది కదా?

సెకండ్ ఆల్టో:
ఆ మాటల మూలం యూదితు గ్రంథం. కతోలిక బైబిల్లో ఉంటుంది, మా ప్రొటెస్టెంటుల దాంట్లో ఉండదు. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ క్వయర్ వారి 1965 రికార్డింగు కూడా వినండి. పైగొంతులు పిల్లలవి. "రెస్పిచె" దగ్గర ఒళ్లు జలదరిస్తుంది.

శార్దూలం:
"రెస్పిచె"నా, "రెస్పికె"నా?

సెకండ్ ఆల్టో:
చర్చిలో "చె". పాత రోములో, సిసిరో కాలంలో "కె". మీ పొలం గట్టు దాటి వచ్చారు, జాగ్రత్త.

తెలుగు మాస్టారు:
"ఇకమీదట"కు ఇంకా ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

రాత్రిబండి:
ఇప్పుడే అమ్మకు ఫోను చేసి విసర్గ సంగతి చెప్పాను. "నేను చదివేది ఇతఃపరమే, నీకే సరిగ్గా వినబడలేదు" అంది. చదివి వినిపించమన్నాను. రాగం తీసి చదివింది. "తః" నాకు ఈసారి కూడా వినబడలేదు.