కనీస బస్సు సర్వీసు: ఊరి జనాభాను చూసి నిర్ణయించాలా, ఎక్కేవాళ్లను చూసి నిర్ణయించాలా?

కొండదారి:
ఒక ప్రాంతంలో ఏ ఊరికి రోజుకు ఎన్ని బస్సులు తిరగాలి అన్నది ఎవరు, దేన్ని బట్టి నిర్ణయించాలి? ఇంత జనం ఉన్న ఊరికి ఇంత సర్వీసు తప్పనిసరి అని ముందే నిబంధన ఉండాలంటాను. ఆక్యుపెన్సీ, అంటే సీట్లు ఎంతవరకు నిండాయన్న లెక్క, ఆ తర్వాత.

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కాంటన్‌లో (కాంటన్ అంటే అక్కడి రాష్ట్రం లాంటిది) ఇలాంటి నిబంధన ఉంది. నివాసులు, ఉద్యోగాలు, చదువుకునే సీట్లు కలిపి కనీసం 300 ఉన్న జనావాసానికి ప్రజా రవాణా అందాలి. బస్సు స్టాపు 400 మీటర్లలో, రైలు స్టేషనైతే 750 మీటర్లలో ఉంటే అందినట్టు లెక్క. సర్వీసు అన్నిటికన్నా కింది స్థాయిలో సాధారణంగా గంటకొకటి, పై స్థాయిల్లో రద్దీని బట్టి అరగంటకు, పావుగంటకు ఒకటి నడుస్తాయి.

రోజుకు మూడు ట్రిప్పులే ఉన్న ఊళ్లో ఎక్కేవాళ్లు ఎలాగూ తక్కువే ఉంటారు. పొద్దున వెళ్లిన మనిషికి సాయంత్రం తిరుగు బస్సు లేకపోతే పొద్దున బస్సు కూడా ఎక్కడు. ఆ తక్కువ లెక్కే చూపించి ఉన్న ట్రిప్పులూ ఎత్తేస్తారు. ఇది నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

లెక్కలపుస్తకం:
కొండదారి గారూ, జ్యూరిక్‌కు ఉన్నంత డబ్బు అందరికీ ఉండదు. బడ్జెట్ పెరగనప్పుడు చిన్న ఊరికి ఇచ్చే ప్రతి బస్సూ ఎక్కడో నిండుగా తిరిగే రూట్ నుంచి తీసినదే. హ్యూస్టన్ నగరం 2015లో రూట్లన్నీ తిరగరాసినప్పుడు ముందు ఈ విషయమే తేల్చుకుంది: సర్వీసులో 80 శాతం ఎక్కువ మంది ఎక్కే చోటికి, 20 శాతం అందరికీ ఏదో ఒకటి అందేలా. చర్చ మొదలవ్వాల్సింది ఈ వాటా దగ్గర. తప్పనిసరి అని రాసేస్తే, డబ్బు చాలనప్పుడు కోత ఎక్కడ పడుతుందో ఎవరూ బయటికి చెప్పరు.

సందుమలుపు:
చిన్న ఊళ్లకు పెద్ద బస్సే ఎందుకండీ? ఫోన్‌లో పిలిస్తే వచ్చే వ్యాన్ పెడితే సరిపోదా?

లెక్కలపుస్తకం:
హెల్సింకిలో కుట్సుప్లస్ పేరుతో అదే పెట్టారు. 2012లో మొదలైంది, 2015 చివర్లో ఆపేశారు. ఒక్కో ప్రయాణానికి సబ్సిడీ చాలా ఎక్కువైంది. ఎక్కేది కొద్దిమందైనా డ్రైవర్ జీతం జీతమే కదా.

కొండదారి:
వాటా బహిరంగంగా తేల్చాలన్న మాట ఒప్పుకుంటాను. కానీ "నిండు రూట్ నుంచి తీస్తారు" అన్నదాన్ని అంకెల్లో చూద్దాం. ఒక మెయిన్ రూట్లో బస్సు వెళ్లి రావడానికి, మధ్యలో ఆగే సమయంతో సహా, గంట పడుతుందనుకోండి. ఐదు బస్సులుంటే 12 నిమిషాలకొకటి. ఒకటి తీస్తే 15 నిమిషాలకొకటి. స్టాపులో సగటున నిలబడేది ఆరు నిమిషాల నుంచి ఏడున్నరకు పెరుగుతుంది. తీసిన ఆ ఒక్క బస్సు, అంతే దూరంలో బస్సే లేని ఊరికి గంటకో సర్వీసు అవుతుంది. అక్కడ హైస్కూలు, ఆసుపత్రి, పని అందుబాటులోకి వస్తాయి. ఇక్కడ ఒకటిన్నర నిమిషం, అక్కడ ఒక రోజంతా. ఈ రెండిటినీ ఒకే తూకంలో వేయకూడదు.

లెక్కలపుస్తకం:
సగటు నిరీక్షణ సరే. పొద్దున ఎనిమిదింటికి ఆ ఐదు బస్సుల్లోనూ నిలబడటానికే చోటు లేదనుకోండి. ఒకటి తీస్తే నిరీక్షణ పెరగడం ఒక్కటే కాదు, కొందరు స్టాపులోనే మిగిలిపోతారు. వాళ్లలో కూలిపనికి వెళ్లేవాళ్లూ ఉంటారు. పీక్ గంటల్లో తీయడానికి నేను ఒప్పుకోను. మధ్యాహ్నం, రాత్రి ఎనిమిది తర్వాత అయితే ఆలోచించవచ్చు.

పాతరూటు:
నిబంధన లేకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో చూశాం. లండన్ తప్ప మిగతా గ్రేట్ బ్రిటన్ అంతటా 1986లో బస్సులపై నియంత్రణ ఎత్తేశారు. లాభం వచ్చే రూట్లు కంపెనీలు ఎంచుకున్నాయి. మిగిలినవి అవసరం అనుకుంటే స్థానిక కౌన్సిళ్లు డబ్బిచ్చి నడిపించుకోవాలి. కౌన్సిళ్ల నిధులు తగ్గిన ఏళ్లలో ముందు పోయినవి ఆ రూట్లే, వాటిలో సాయంత్రం, ఆదివారం సర్వీసులు చాలా ఉన్నాయి. చట్టంలో స్థాయి రాసి ఉంటే కనీసం అడగడానికి ఒక ఆధారం ఉండేది.

ఇంకోటి. రోజుకు ఇన్ని ట్రిప్పులు అని మాత్రం రాయొద్దు. నాలుగు ట్రిప్పులూ పదింటికీ రెండింటికీ మధ్య నడిపి నిబంధన నెరవేరింది అనొచ్చు. స్కూలు గంటకు ముందు చేరే బస్సు, పని దిగాక తిరిగొచ్చే బస్సు, టౌన్‌లో రైలుకు అందే కనెక్షన్: ఇవి పేరుపేరునా రాయాలి.

కొండదారి:
పాతరూటు గారు చెప్పిన మూడూ నా ప్రతిపాదనలో చేరుస్తున్నాను. లెక్కలపుస్తకం గారి పీక్ షరతు కూడా, కానీ ఒక మార్పుతో: స్కూలు బస్సు పీక్‌లోనే నడవాలి కాబట్టి దానికి కొత్త బస్సు, కొత్త డ్రైవర్ కావాలి, ఆ ఖర్చు బడ్జెట్లో విడిగా కనిపించాలి. కొత్త సర్వీసును మూడు నెలల ఆక్యుపెన్సీ చూసి తీసేయకుండా కనీసం రెండేళ్లు నడపాలి. బస్సు ఉంటుందన్న నమ్మకం కుదిరాకే కదా పిల్లల్ని దూరపు స్కూల్లో చేర్పిస్తారు. మీ అభ్యంతరం ఇంకా దేనిమీద ఉంది?

లెక్కలపుస్తకం:
300 అన్న అంకె మీద. చెదురుమదురుగా ఇళ్లుండే ప్రాంతంలో ఆ గీత కింద మిగిలేవాళ్లే ఎక్కువ. వాళ్ల సంగతి ఏమిటో మీరింకా చెప్పలేదు.