ఇండియన్ నేవీ అలిజే, 1/72 స్కేలు: రిఫరెన్సులు ఎలా కూడగట్టాలి?

తీరం72

అందరికీ నమస్తే. మాది వైజాగ్. కిట్ల నుంచి విమాన మోడళ్లు కడుతుంటాను, అసలు సైజులో 72వ వంతు. ఇప్పటిదాకా మిగ్‌లు, జాగ్వార్‌లు చేశాను. వాటికి ఫోటోలు, డ్రాయింగులు, డీకాల్స్ (మోడల్ మీద అంటించే గుర్తులు, రాతలు) కుప్పలుగా దొరుకుతాయి. ఈసారి బ్రెగే అలిజే మీద మనసు పడింది. మన నేవీ ఫ్రాన్స్ నుంచి కొన్న విమానం, సబ్‌మెరైన్లను వేటాడటానికే పుట్టింది. మొత్తం తయారైనవే 89. అందులో మన వాటా డజను పైచిలుకు.

ఇదే ఎందుకంటే, మా బీచ్ రోడ్డులో ఒక పక్క కురుసుర సబ్‌మెరైన్, ఎదురుగా సబ్‌మెరైన్లను వేటాడే టీయూ-142 విమానం. రోజూ వాటి మధ్య నుంచే వెళ్తాను. 1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మా ఊరి దాకా వచ్చింది మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ. విక్రాంత్ చుట్టూ సముద్రంలో సబ్‌మెరైన్ ఉందేమోనని గాలించిన విమానాలు అలిజేలు. విక్రాంత్ మీది యుద్ధ విమానాలు సీ హాక్‌ల గురించి అందరూ చెబుతారు, పుస్తకాలూ ఉన్నాయి. అలిజే గురించి రెండు వాక్యాలు రాసి వదిలేస్తారు. అది నాకు నచ్చదు. అందుకే 1971 డిసెంబరు, బంగాళాఖాతం, విక్రాంత్ మీదున్న ఐఎన్‌ఏఎస్ 310 స్క్వాడ్రన్ విమానమే చేయాలి.

కిట్ ఉంది. రెక్కలు, బాడీ ఆకారం బాగానే ఉన్నాయి, లోపలి వివరాలు తక్కువ. డీకాల్స్‌లో మనవి లేవు. నేను దాచుకున్న ఫోటోల్లో నూటికి తొంభై ఫ్రెంచ్ నేవీవే. నాకు కావలసినవి: అప్పటి రంగులు, తోక మీదా పక్కలా రాతలు, పొట్ట కింద దిగే రాడోమ్ (రాడార్ మీది తొడుగు), చక్రాల గదులు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

హుక్‌డౌన్

తీరం గారూ, మంచి విమానం ఎంచుకున్నారు. నేను కొన్నేళ్లుగా అలిజే కాగితాలు, ఫోటోలు పోగేస్తున్నాను. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

మొదట మీ ఫోల్డర్ తెరిచి ఫ్రెంచ్ ఫోటోలను సంవత్సరం ప్రకారం రెండుగా విడదీయండి. 1980లలో ఫ్రెంచ్ వాళ్లు తమ అలిజేలకు కొత్త రాడార్, కొత్త ఎలక్ట్రానిక్స్ పెట్టారు. 2000 దాకా వాటిని నడిపారు. నెట్‌లో కనిపించే మంచి రంగు ఫోటోలు, విమానం చుట్టూ తిరుగుతూ దగ్గరి నుంచి తీసిన వాక్‌అరౌండ్‌లు చాలావరకు ఆ చివరి రోజులవే. మన విమానాలు 1961 నాటివి. ఆ మార్పులు వీటికి లేవు. 1980 తర్వాతి ఫోటో చూసి యాంటెన్నా పెడితే, రాడోమ్ గీస్తే, రెక్క కింద పాడ్ ముక్కు చెక్కితే, మీ మోడల్ 1971 విమానం కాకుండా పోతుంది. చక్రాల కాళ్లు, తోక హుక్కు, కాక్‌పిట్ అద్దాల ఫ్రేము లాంటి వాటికి మాత్రం ఏ సంవత్సరం ఫోటో అయినా పనికొస్తుంది.

తర్వాత గోవా వెళ్లండి. దబోలిం ఎయిర్‌పోర్టు దగ్గర, బొగ్మాలో వెళ్లే దారిలో నేవల్ ఏవియేషన్ మ్యూజియం ఉంది. 1998లో తెరిచారు. అక్కడ మన అలిజే ఉంది. అదొక్కటి చూడటానికైనా ప్రయాణం చేయొచ్చు. అయితే అది ఆకారానికి సాక్ష్యం, రంగుకు కాదు. సముద్రపు గాలిలో, గోవా వానల్లో నిలబెట్టిన విమానానికి మళ్లీ మళ్లీ పెయింటు వేయక తప్పదు. ఆ పొరల కింద ప్యానెల్ గీతలు కూడా పూడిపోతాయి. రాతలు ఎవరో కొత్తగా రాసినవి అయ్యుండొచ్చు. అక్కడ చూడాల్సింది రెక్క మడత దగ్గర కీళ్లు, చక్రాల పాడ్‌లు, ముక్కు, పొట్ట.

ఫోటో తీసేటప్పుడు దగ్గరికెళ్లి వైడ్‌లో తీయకండి, ముక్కు ఉబ్బుతుంది, తోక సన్నబడుతుంది. వీలైనంత దూరం జరిగి, జూమ్ చేసి, సరిగ్గా పక్క నుంచి తీయండి. పొడవు 13.86 మీటర్లని మనకు తెలుసు. 1/72లో 19.25 సెం.మీ. ఆ ఫోటోను అదే పొడవుకు ప్రింట్ తీసి కిట్ బాడీని పక్కన పెడితే ఎక్కడ తేడా ఉందో కంటికే తెలుస్తుంది. వివరాల ఫోటోల్లో మాత్రం ప్రతిసారీ ఒక స్కేలు కనపడాలి. అంగుళం గీతలున్న చెక్క ముక్క చాలు.

మూడోది, అన్నిటికంటే విలువైనది, మీ ఊళ్లోనే ఉంది. వైజాగ్‌లో రిటైరైన నేవీ వాళ్లు ఎంతమంది! విక్రాంత్ మీద పనిచేసిన వాళ్ల ఇళ్లలో ఆల్బమ్‌లు ఉంటాయి. వాళ్లను “విమానం ఏ రంగులో ఉండేది సార్” అని అడగకండి. యాభై ఏళ్ల తర్వాత ఎవరికైనా “గ్రే” అనే గుర్తుంటుంది. మెయింటెనెన్స్‌లో ఉన్నవాళ్లను పని గురించి అడగండి. ఎక్కడ కాలు పెట్టి పైకి ఎక్కేవారు? నూనె ఎక్కడ కారేది? ఎగ్జాస్ట్ మసి ఎంత దాకా పాకేది? డెక్ మీద గొలుసులు ఏ చోట కట్టేవారు? చేతులకు పని గుర్తుంటుంది. అలా చెబుతున్నప్పుడు మధ్యలో లేచి వెళ్లి ఆల్బమ్ తెస్తారు.

ఆ ఫోటోల్లో మనుషులు ముందు, విమానం వెనక ఉంటుంది. నిరాశ పడకండి. భుజం పక్కన కనిపించే చక్రం, దాని కింద పెట్టే చోక్ (అడ్డు దిమ్మ), నంబరులో ఒక అంకె, అవే మనకు కావాలి. ఫోటో వెనక పక్క కూడా తీసుకోండి, తేదీ, చోటు రాసి ఉంటాయి. స్కాన్ చేసుకోవచ్చా, నెట్‌లో పెట్టొచ్చా అని రెండూ విడివిడిగా అడగండి.

సీరియల్ నంబరు గురించి ఒక మాట. 1971లో అలిజేలన్నీ విక్రాంత్ మీదే లేవు. పడమటి తీరంలో కూడా ఎగిరాయి. అక్కడ డిసెంబరు 10న ఒకదాన్ని పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ జెట్ కూల్చింది, అందులోని ముగ్గురూ తిరిగి రాలేదు. కాబట్టి “1971 అలిజే” అని రాసి ఉన్న ప్రతి ఫోటో మీ విమానం కాదు. ఆ నెలలో ఓడ మీద ఉందని తేలిన నంబరే వేయండి. ఇక్కడ అంచనాకు చోటు ఇవ్వొద్దని నా గట్టి అభిప్రాయం.

గ్రే640

రంగు సంగతి నేను చెబుతా. సీ హాక్‌లు బ్రిటన్ నుంచి వచ్చాయి, పైన ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే, బ్రిటిష్ రంగుల ప్రమాణం బీఎస్ 381సీలో 640 నంబరు, కింద స్కై అనే లేత రంగు. అలిజేలు ఫ్రాన్స్ నుంచి వచ్చాయి. వచ్చినప్పటి ఫ్యాక్టరీ రంగు, పదేళ్ల తర్వాత ఇక్కడ ఓవర్‌హాల్ అయ్యాక వేసిన రంగు ఒకటే అని ముందే అనుకోకండి. 1961 ఫోటో, 1971 ఫోటో పక్కపక్కన పెట్టి చూడాలి.

రంగు ఫోటో దొరికితే దాన్ని యథాతథంగా నమ్మొద్దు. పాత ప్రింట్లు ఎర్రబారతాయి. రౌండెల్‌లో (విమానం మీది గుండ్రటి దేశ చిహ్నం) తెల్ల వలయం ఉంది కదా, అది తెలుపని మనకు ఖాయంగా తెలుసు. స్కాన్‌లో ఆ వలయాన్ని తెలుపు చేయండి, మిగతావి దాదాపు దారికొస్తాయి. బ్లాక్ అండ్ వైట్‌లో గ్రే ఏ షేడో చెప్పలేం. కానీ అదే ఫ్రేములో సీ హాక్ ఉంటే రెండిటి పైభాగాలు ఒకే ముదురులో ఉన్నాయా, తేడా ఉందా అన్నది చెప్పొచ్చు. డెక్ ఫోటోల్లో రెండూ కలిసి ఉన్నవి వెతకండి. నా దృష్టిలో ఒక ఫోటోలో రెండు రకాల విమానాలుంటే పది విడి ఫోటోల కంటే మేలు.

టర్బో748

ఇంజిన్ ముక్కుకు దగ్గర దారి ఉంది. అలిజేది రోల్స్‌రాయిస్ డార్ట్ ఇంజిన్. కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ తయారుచేసిన ఆవ్రో 748 రవాణా విమానానిది కూడా డార్ట్ కుటుంబమే. స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్య టోపీ) వెనక గుండ్రంగా ఉండే గాలి ఇంటేక్, దాని లోతు, లోపలి నీడ ఎలా పడుతుందో ఆవ్రో ఫోటోల్లో చక్కగా తెలుస్తుంది. కౌలింగ్ (ఇంజిన్ మీది కవచం) ఆకారానికి మాత్రం వాడకండి, అది వేరు.

తీరం72

హుక్‌డౌన్ గారూ, ఫోల్డర్ విడదీశాను. 1980కి ముందువి అని తేలినవి పిడికెడు మిగిలాయి. కానీ ఇప్పుడు వాటిని చూస్తుంటే అంతకుముందు కనపడనివి కనపడుతున్నాయి. మా వీధిలో విక్రాంత్ మీద ఎయిర్ మెకానిక్‌గా చేసిన పెద్దాయన ఒకరున్నారు. ఆదివారం ఇంటికి రమ్మన్నారు. మీరు రాసిన ప్రశ్నలే కాగితం మీద పెట్టుకున్నాను.

ఒక సందేహం. రాడోమ్ దించి చేయాలా, పైకి లాగి చేయాలా? రెక్కలు మడిచి పెట్టాలని కూడా ఉంది.

హుక్‌డౌన్

చక్రాల మీద, డెక్ మీద నిలబడి ఉన్నట్టు చేస్తే రాడోమ్ లోపలికి ఉండాలి. అది గాలిలో వెతికేటప్పుడు దించేది. ఎగురుతున్నట్టు స్టాండు మీద పెడితేనే దించండి, అప్పుడు హుక్కు, చక్రాలు పైకి పోవాలి.

రెక్కలు మడవడం బాగుంటుంది, కానీ కీలు లోపలి పైపులు, తాళాలు అన్నీ చేతితో చేయాలి. దానికి గోవా ఫోటోలు లేకుండా కత్తి పెట్టకండి. అవి వచ్చేదాకా కాక్‌పిట్, చక్రాల గదులు మొదలుపెట్టుకోవచ్చు. రెక్కలు చాపితే 1/72లో 21.7 సెం.మీ. వెడల్పు, షెల్ఫు కొలిచి చూసుకోండి.

ఆదివారం ఆ పెద్దాయనను నా తరఫున ఒకటి అడగండి: బంగాళాఖాతంలో ఉన్నప్పుడు అలిజే రెక్కల కింద ఏం తగిలించేవారు, లోపలి పైలాన్లకా (ఆయుధాలు తగిలించే కొక్కేలు), బయటివాటికా? ఫ్రెంచ్ ఫోటోల్లో కనపడే క్షిపణులు మన విమానానికి పెట్టే ముందు ఆ సమాధానం మన ఇద్దరికీ కావాలి.