కెమిస్ట్రీ సరిపోతే చాలా, కరిగించిన తీరు కూడా చూడాలా?

గాజువాక కుర్రాడు: ఆటోనగర్‌లో చిన్న ఫౌండ్రీలో పని చేస్తున్నాను. హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్ కోసం హెచ్‌కే40 (వేడిని తట్టుకునే స్టీలు) ట్రేలు పోశాం. 25 శాతం క్రోమియం, 20 శాతం నికెల్, 0.4 శాతం కార్బన్, స్పెక్ట్రోలో అన్నీ సరిగ్గానే వచ్చాయి. నాలుగు నెలలకే మూలల్లో పగుళ్లు! "కెమిస్ట్రీ పాసైంది, తప్పు వాడినవాళ్లదే" అంటాడు మా ఓనరు. నాకు మెల్టింగ్ మీదే అనుమానం.

పాత మెల్టర్: స్పెక్ట్రో ఏది ఎంత ఉందో చెబుతుంది గానీ, ఎలా ఉందో చెప్పదు బాబూ. లోహం కరిగి అలా గాలి తగులుతూ ఉంటే క్రోమియం, సిలికాన్ ఆక్సైడ్ అవుతాయి. ఇండక్షన్ ఫర్నేస్ ఊరుకోదు కదా, కలుపుతూనే ఉంటుంది, ఆ పొరలన్నీ లోపలికి పోతాయి. క్రోమియం ఉన్న లోహం నైట్రోజన్‌ని కూడా బాగా పీలుస్తుంది. పైగా మన సముద్రపు గాలికి చెమ్మెక్కిన స్క్రాప్ ఆరబెట్టకుండా వేస్తే హైడ్రోజన్ బోనస్. ఇంతకీ ఆ హీట్ (కరిగించిన లోహం) పోయకుండా ఎంతసేపు ఆపారు?

క్రీప్ పిచ్చోడు: మెల్టింగ్‌నే ఎందుకు తిడతారు సార్? ఎక్కువ వేడి మీద పోస్తే గ్రెయిన్ (లోహంలోని స్ఫటికం) పెద్దదవుతుంది, నిజమే. కానీ 900 డిగ్రీల దగ్గర పెద్ద గ్రెయినే క్రీప్‌కి, అంటే వేడిలో బరువుకి మెల్లగా సాగిపోవడానికి, తట్టుకుంటుంది. ట్రేని ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతారా? అయితే అది థర్మల్ ఫెటీగ్, అంటే వేడీ చల్లదనం మారిమారి తగిలి లోహం పగలడం.

కొత్త ఇంజినీర్: ఇవన్నీ ఎందుకండీ, వాక్యూమ్‌లో కరిగిస్తే పోలా?

పాత మెల్టర్: ట్రేకి వాక్యూమా! అల్యూమినియం, టైటానియంతో బలం తెచ్చుకునే నికెల్ టర్బైన్ బ్లేడ్లకి అది కావాలి. గాలిలో అవి రెండూ కాలిపోతాయి కాబట్టి. హెచ్‌కే40కి బలం కార్బైడ్లది (కార్బన్, క్రోమియం కలిసిన గట్టి రేణువులు). శుభ్రంగా, త్వరగా కరిగించి పోస్తే చాలు.

గాజువాక కుర్రాడు: మోల్డులు రెడీ కాక నలభై నిమిషాలు ఆపాం. చల్లారిపోతుందేమో అని టెన్షన్‌తో ఇంకా వేడెక్కించి పోశాం. నూనెలో ముంచడమూ నిజమే. నిన్న మూల కోసి చూశాను, లోపల చిన్న గుంత. లెన్స్‌లో చూస్తే గోడలకి ఫెర్న్ ఆకుల్లాంటి మొలకలు, నున్నగా ఉన్నాయి.

క్రీప్ పిచ్చోడు: నా మాట వెనక్కి తీసుకుంటున్నా, సగం మాత్రమే. అది గట్టిపడేటప్పుడు లోహం చాలక వచ్చిన ష్రింకేజ్. ఎక్కువ వేడి మీద పోస్తే అదింకా పెరుగుతుంది. నూనె ఆ గుంత దగ్గర పగులు తెరిచింది.

పాత మెల్టర్: రైజర్ (గట్టిపడేటప్పుడు చాలని లోహాన్ని అందించే అదనపు నిల్వ) ఎక్కడ పెట్టారు?

గాజువాక కుర్రాడు: మధ్యలో సార్. మూలకి దూరంగా.